మీకు తెలుసా? జబ్బు రాకముందే రొమ్ము ఆపరేషన్!

రొమ్ము క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు గండిపేట చుట్టుపక్కల ఊళ్లలో మనకు తెలిసినవాళ్లలోనే ఉంటారు. జబ్బు రాకముందే, రొమ్ములు ఆరోగ్యంగా ఉండగానే తీయించుకోవాలా అని రాత్రుళ్లు నిద్ర మానుకుని ఆలోచించే ఆడవాళ్లు కూడా ఇప్పుడు మన మధ్య ఉన్నారు. "బాగున్నదాన్ని కోయించుకోవడమేంది బిడ్డా?" అని ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడతారు. ఆ కంగారులో తప్పేమీ లేదు. కానీ అవుననో కాదనో చెప్పే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు చాలానే ఉన్నాయి.

మీకు తెలుసా, మన తెలుగు సినిమా నటి ఒకరు ఈ విషయాన్ని దాచకుండా లోకానికి చెప్పారు?

'మిర్చి', 'అత్తారింటికి దారేది' సినిమాల్లో కనిపించిన హంసానందిని 2021 డిసెంబర్‌లో సోషల్ మీడియాలో తన జబ్బు గురించి రాశారు. కొన్ని నెలల క్రితం రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలిందని, పరీక్షల్లో గ్రేడ్-3 క్యాన్సర్‌గా తేలిందని చెప్పారు. అంతకు 18 ఏళ్ల ముందు తల్లిని కూడా ఇదే జబ్బుకు పోగొట్టుకున్నారు. గడ్డను తీసేశారు, జబ్బు వేరే చోటికి పాకలేదు. అక్కడితో గండం గడిచిందనుకున్నారు. అంతలో జన్యు పరీక్షలో బ్రాకా-1 అనే జన్యువులో లోపం బయటపడింది. అంటే మళ్లీ రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం, అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 45 శాతం ఉందని ఆమే వివరించారు. ఆ ముప్పు తగ్గాలంటే ముందుజాగ్రత్తగా పెద్ద ఆపరేషన్లే చేయించుకోవాల్సి ఉంటుందని కూడా రాశారు. 2022 ఫిబ్రవరి నాటికి 16 విడతల కీమోథెరపీ పూర్తి చేశారు. అదే ఏడాది చివర్లో మళ్లీ షూటింగుకు వెళ్లారు.

గ్లామర్ పాత్రలతో పేరు తెచ్చుకున్న నటి గుండు చేయించుకున్న ఫొటో పెట్టి, తల్లి జబ్బు, తన జబ్బు ఒకటేనని, అది రక్తంలోనే ఉందని చెప్పడం చిన్న విషయం కాదు. మన ఇళ్లలో ఈ మాట పక్క గదిలోకి కూడా పోనివ్వరు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఆమెకు క్యాన్సర్ ముందే వచ్చింది, ఆపరేషన్ల మాట ఆ తర్వాత మొదలైంది. ఒక రొమ్ముకు జబ్బు వచ్చిన బ్రాకా-1 లోపమున్న స్త్రీలు 100 మందిని తీసుకుంటే, 20 ఏళ్లలో దాదాపు 40 మందికి రెండో రొమ్ముకు కూడా వస్తుంది. బ్రాకా-2 అయితే 26 మందికి. ఎప్పుడూ జబ్బు రాని స్త్రీ ముందున్న ప్రశ్న ఇంకా కఠినమైనది. ఎందుకంటే ఆమెకు ఇవాళ ఏ నొప్పీ లేదు, ఏ గడ్డా లేదు.

మీకు తెలుసా, బ్రాకా జన్యువులు మనందరిలోనూ ఉంటాయి?

మగవాళ్లలో కూడా ఉంటాయి. బ్రాకా-1 ఉండేది 17వ క్రోమోజోమ్ మీద, బ్రాకా-2 ఉండేది 13వ దాని మీద. కణంలో డీఎన్ఏ తెగినప్పుడు అతికించే మరమ్మతు పని వీటిది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. అందులో ఒకటి పుట్టుకతోనే పాడై ఉంటే, ఏదో ఒక కణంలో రెండోది కూడా పాడైన రోజున మరమ్మతు ఆగిపోతుంది. పొరపాట్లు పేరుకుని క్యాన్సర్‌కు దారి తీస్తాయి. రొమ్ము క్యాన్సర్లన్నిటిలో ఇలా వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. కాబట్టి పిన్నికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందనగానే బెంబేలు పడనక్కర్లేదు.

మీకు తెలుసా, ఈ సంగతిని చాలాకాలం కిందటే పసిగట్టినవాళ్లలో ఒక భర్త ఉన్నాడు?

పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు 1866లో తన భార్య పుట్టింటి తరాల్లో ఎవరెవరు రొమ్ము క్యాన్సర్‌తో పోయారో వరుసగా రాసి ప్రచురించాడు. జబ్బు వంశంలో నడుస్తోందని ఆయనకు అనుమానం. దాన్ని అమెరికా శాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్ 1990లో రుజువు చేశారు. జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఎక్కడో ఉందని చూపించారు. 1994లో బ్రాకా-1 దొరికింది, మరుసటి ఏడాది బ్రాకా-2. ఆ జన్యువుల మీద ఒక కంపెనీ పేటెంట్ తీసుకుని ఏళ్ల తరబడి పరీక్షను తన గుప్పిట్లో పెట్టుకుంది. మనిషి ఒంట్లో సహజంగా ఉన్న జన్యువుకు పేటెంట్ చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2013 జూన్ 13న తీర్పు ఇచ్చింది.

అంతకు నెల రోజుల ముందు, మే 14న, హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసం వచ్చింది. తనకు బ్రాకా-1 లోపం ఉందని, తల్లి 56 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయిందని, జబ్బు లేకపోయినా రెండు రొమ్ములూ తీయించుకున్నానని చెప్పారు. ఆ వ్యాసం వచ్చి రెండు వారాలు కాకముందే ఆమె పిన్ని రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ వేసవిలో బ్రిటన్‌లో జన్యు పరీక్షల కోసం క్లినిక్‌లకు వచ్చేవారి సంఖ్య రెండు రెట్లు దాటింది.

మీకు తెలుసా, ఈ లోపం తండ్రి వైపు నుంచి కూడా అంతే సులువుగా వస్తుంది?

మన ఇళ్లలో ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రొమ్ము జబ్బు గనుక అమ్మను, అమ్మమ్మను, పెద్దమ్మలను మాత్రమే గుర్తు చేసుకుంటారు. మేనత్తల సంగతి, నాయనమ్మ సంగతి ఎవరూ అడగరు. కానీ లోపమున్న తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ, కొడుకైనా కూతురైనా, అది వచ్చే అవకాశం సగానికి సగం. తండ్రికి జీవితాంతం ఏ జబ్బూ రాకపోవచ్చు. అయినా కూతురికి అందుతుంది. పైగా మగవాళ్లకు దీనితో పని లేదనుకోవడమూ పొరపాటే. బ్రాకా-2 లోపమున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువ, వచ్చినప్పుడు అది కాస్త ఉధృతంగా ఉంటుంది. మగవాళ్లకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. తక్కువే గానీ వస్తుంది.

జెనెటిక్ కౌన్సెలర్ (జన్యు సలహాదారు) దగ్గరికి వెళ్తే మొదట రక్తం తీయరు. ఒక తెల్ల కాగితం తీస్తారు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు గుండ్రం గీస్తారు. జబ్బు వచ్చినవాళ్ల గుర్తును నలుపుతో నింపుతారు. చనిపోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలు గీత పడుతుంది. సలహాకు వచ్చిన మనిషి పక్కన ఒక బాణం. గుర్తు కింద వయసులు రాస్తారు, ఎందుకంటే 70 ఏళ్లకు వచ్చిన క్యాన్సర్‌కు, 36 ఏళ్లకు వచ్చిన క్యాన్సర్‌కు అర్థం వేరు.

చేవెళ్ల దగ్గర బంతి, గులాబీ పండించి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపే కుటుంబం నుంచి ఒక అమ్మాయి సలహాకు వచ్చిందనుకుందాం. కౌన్సెలర్ అడుగుతుంది, "మీ నాన్నగారి అక్కచెల్లెళ్లు ఎలా ఉన్నారమ్మా?" అమ్మాయికి తెలియదు. ఇంటికి ఫోన్ చేస్తుంది. "పెద్దత్తకు కడుపు ఉబ్బింది, నీళ్లు తీసిండ్రు, ఏడాది తిరగలేదు" అని నాయనమ్మ చెబుతుంది. ఊళ్లో దాన్ని ఎవరూ క్యాన్సర్ అనలేదు. కడుపులో నీరు చేరిందన్నారు, పెద్ద రోగం అన్నారు. కౌన్సెలర్ మాత్రం ఆ గుండ్రం పక్కన అండాశయ క్యాన్సర్ అయి ఉండవచ్చని ప్రశ్నార్థకం పెడుతుంది. దానితో కాగితం మీద బొమ్మంతా మారిపోతుంది. ఆసుపత్రి కాగితాలు పారేయకుండా ట్రంకు పెట్టెలో దాచి ఉంచే ఇళ్లు అదృష్టవంతమైనవి.

మీకు తెలుసా, పరీక్ష మొదట చేయాల్సింది ఆరోగ్యంగా ఉన్న కూతురికి కాదు?

ఇంట్లో జబ్బు వచ్చి బతికి ఉన్న మనిషి ఉంటే మొదట ఆమెకే చేయాలి. ఆమెలో లోపం ఫలానా చోట ఉందని తేలితే, మిగతావాళ్లలో ఆ ఒక్కచోటే వెతికితే చాలు. ఆ చోట లోపం లేదని తేలిన కూతురి ముప్పు మామూలు స్త్రీల ముప్పుతో సమానం, ఆమె ఊపిరి పీల్చుకోవచ్చు. జబ్బు మనిషిని పరీక్షించకుండా కూతురికి చేసి, ఏమీ లేదని వస్తే మాత్రం ఆ కాగితం పూర్తి భరోసా ఇవ్వదు. కుటుంబంలో నడుస్తున్న లోపం ఇంకో జన్యువులో ఉండొచ్చు.

ఇంకో చిక్కు. కొన్నిసార్లు రిపోర్టులో 'అర్థం ఇంకా తేలని మార్పు' అని వస్తుంది. అక్షరం మారింది, కానీ అది హాని చేస్తుందో లేదో శాస్త్రానికి ఇంకా తెలియదని దాని భావం. ఇలాంటివి కాలక్రమంలో చాలావరకు హాని లేనివిగానే తేలుతున్నాయి. ఈ ఒక్క మాటను చూసి రొమ్ములు తీయించుకోకూడదు. ఎవరైనా తొందరపెడితే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. అలాగే సీహెచ్ఈకే2, ఏటీఎం లాంటి జన్యువుల్లో లోపం ఉంటే ముప్పు పెరుగుతుంది గానీ, దాన్ని మాత్రమే చూసి సాధారణంగా ఆపరేషన్ చెప్పరు, ఎంఆర్ఐతో గమనిస్తారు. పాల్బ్2, టీపీ53 సంగతి వేరు, వాటికి ఆపరేషన్ చర్చ ఉంటుంది. రిపోర్టు చేతికి రాగానే జన్యువు పేరు ఏమిటో అడిగి రాసుకోవడం అందుకే అవసరం.

మీకు తెలుసా, మేనరికానికి దీనితో ఒక సంబంధం ఉంది?

మేనరికం చేసుకున్నంత మాత్రాన రొమ్ము క్యాన్సర్ రాదు. కానీ ఒకే వంశం వాళ్లైన భార్యాభర్తలిద్దరిలోనూ బ్రాకా-2 లోపం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు వైపుల నుంచీ పాడైన ప్రతులు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అలా వస్తే ఫ్యాంకోనీ అనీమియా అనే అరుదైన, తీవ్రమైన జబ్బు చిన్నతనంలోనే కనిపిస్తుంది. మేనమామ కొడుకును, అక్క కూతురిని చేసుకునే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో ఒకరికి బ్రాకా లోపం తేలితే, పిల్లల్ని కనక ముందే రెండోవారికీ పరీక్ష చేయించడం మంచిది. ఈ మాట ఊళ్లలో ఎవరూ చెప్పడం లేదు. చెప్పాలి.

మీకు తెలుసా, 100 మందిలో ఎంతమందికి వస్తుంది?

భారతదేశంలో సగటు స్త్రీకి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు 28 మందిలో ఒకరికి. బ్రాకా-1 లోపమున్న స్త్రీలు 100 మందిలో 80 ఏళ్లు వచ్చేసరికి 72 మందికి, బ్రాకా-2 లోపమున్నవాళ్లు 100 మందిలో 69 మందికి వస్తుందని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. అండాశయ క్యాన్సర్ అయితే 44, 17. ఈ అంకెలన్నీ జీవితకాలానివి, వచ్చే ఏడాదివి కావు. పాతికేళ్ల అమ్మాయికి వచ్చే ఐదేళ్లలో ఉన్న ముప్పు చాలా తక్కువ. అంటే ఆలోచించడానికి, చదువు పూర్తి చేసుకోవడానికి, పెళ్లి చేసుకోవడానికి, పిల్లల్ని కని పాలివ్వడానికి చాలామందికి సమయం ఉంటుంది. ఈ ఆపరేషన్‌కు ఎమర్జెన్సీ అనేది లేదు.

మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కంటే సుమారు పదేళ్లు ముందుగా కనిపిస్తుంది. దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కల్లో హైదరాబాద్ ముందు వరుసలో ఉంది.

మీకు తెలుసా, ఆపరేషన్ తర్వాత కూడా ముప్పు సున్నా కాదు?

అమెరికాలోని మేయో క్లినిక్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, నివారణ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ దాదాపు 90 శాతం తగ్గింది. తర్వాతి అధ్యయనాలూ అదే చెప్పాయి. మిగిలిన కొద్దిపాటి ముప్పు ఎందుకంటే, చర్మం కింద, చంక వైపు సన్నని కణజాలం ఎంతో కొంత ఉండిపోతుంది.

గండిపేట ప్రజలకు ఇది వేరే ఉదాహరణతో చెప్పనక్కర్లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది, వేలాది మంది పోయారు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట చెరువు, కట్టారు, 1920లో పూర్తయింది. ఆనకట్ట వానను ఆపలేదు. వరద ముప్పును తగ్గించింది. ఇవాళ్టికీ గట్టి వానలు పడితే నీటిమట్టం చూస్తూనే ఉంటారు, గేట్లు ఎత్తుతూనే ఉంటారు. ఈ ఆపరేషనూ అంతే. జన్యువు లోపల అలాగే ఉంటుంది, పిల్లలకు అలాగే పోతుంది. తగ్గేది ముప్పు మాత్రమే.

మీకు తెలుసా, హైదరాబాద్‌కు మత్తుమందు చరిత్రలో పెద్ద స్థానం ఉంది?

ఆపరేషన్ అనగానే చాలామందికి మత్తు గురించే భయం. ఒకప్పుడు ఆ మత్తు కూడా లేదు. ఫానీ బర్నీ అనే ఇంగ్లిష్ రచయిత్రికి 1811లో పారిస్‌లో మత్తు లేకుండా రొమ్ము తీశారు. ఆమె బతికి, ఆ అనుభవాన్ని తన అక్కకు ఉత్తరంగా రాశారు. ఈథర్ మత్తు వచ్చింది 1846లో, తర్వాత క్లోరోఫామ్. క్లోరోఫామ్ ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో 1888, 1889లలో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పని చేశాయి. వాటి తీర్మానాల్లో కొన్ని తర్వాత నిలవలేదు. కానీ ఆ ప్రయోగాల్లో పాల్గొన్న రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరు పొందారు. మన నగరపు ఆడబిడ్డ. ఆపరేషన్ థియేటర్ పేరు వింటేనే వణికే మన అమ్మలకు ఈ కథ చెప్పాలనిపిస్తుంది.

మీకు తెలుసా, ఆపరేషన్ ఒక్కటే దారి కాదు?

రెండో దారి గట్టి నిఘా. బ్రాకా లోపమున్న స్త్రీలకు 25 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్ఐ, 30 దాటాక దానితో పాటు మామోగ్రామ్ చేస్తారు. ఆరు నెలలకో ఏడాదికో డాక్టరు చేత్తో పరీక్ష చేస్తారు. రొమ్ము ఎంఆర్ఐలో బోర్లా పడుకోవాలి, రెండు రొమ్ములూ బల్లలోని గుంతల్లోకి వేలాడేలా ఉంచుతారు. చేతికి సూది వేసి మందు ఎక్కిస్తారు. అరగంటకు పైగా కదలకుండా, యంత్రం చేసే దడదడ శబ్దంలో ఉండాలి. తర్వాత రిపోర్టు వచ్చేదాకా గుండె దడ. ఏటా ఇదే. కొందరికి ఈ ఎదురుచూపే ఆపరేషన్ కంటే బరువనిపిస్తుంది. కొందరు ఏళ్ల తరబడి హాయిగా నెట్టుకొస్తారు. ఇద్దరిదీ సరైన పద్ధతే.

నిఘా జబ్బును రాకుండా ఆపదు, తొందరగా పట్టుకుంటుంది. ఈ రెండు మాటల మధ్య తేడా పూర్తిగా అర్థమయ్యాకే నిర్ణయం తీసుకోవాలి. నెదర్లాండ్స్‌లో 2019లో వచ్చిన అధ్యయనంలో బ్రాకా-1 ఉన్నవాళ్లలో ఆపరేషన్ చేయించుకున్నవారు నిఘాలో ఉన్నవారి కంటే ఎక్కువ మంది బతికారు. బ్రాకా-2 ఉన్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాల విషయంలో రెండు దారులకూ పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి 'బ్రాకా' అని వినగానే అందరికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు.

మూడోది మాత్ర. టామోక్సిఫెన్‌ను 1960లలో గర్భనిరోధకంగా తయారు చేశారు, ఆ పనికి అది పనికిరాలేదు. తర్వాత రొమ్ము క్యాన్సర్ మందుగా లక్షల ప్రాణాలు నిలబెట్టింది. ముప్పు ఎక్కువున్న స్త్రీలలో ఇది జబ్బు రావడాన్ని తగ్గిస్తుంది. కానీ బ్రాకా-1 వల్ల వచ్చే గడ్డలు ఎక్కువగా హార్మోన్లకు స్పందించని రకం, అందుకని అక్కడ దీని మీద ఆశ తక్కువ.

మీకు తెలుసా, రొమ్ముల కంటే ముందు అండాశయాల గురించి తొందరపడాల్సి రావచ్చు?

రొమ్ముకు ఎంఆర్ఐ ఉంది. అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టి ప్రాణం కాపాడే నమ్మకమైన పరీక్ష ఇంతవరకు లేదు. స్కానింగులు, సీఏ-125 రక్త పరీక్షలు లక్షల మంది మీద చేసి చూసినా మరణాలు తగ్గలేదు. అందుకే బ్రాకా-1 ఉన్నవాళ్లకు 35 నుంచి 40 ఏళ్ల మధ్య, బ్రాకా-2 వాళ్లకు 40 నుంచి 45 మధ్య, పిల్లలు చాలనుకున్నాక, అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు తీయించుకోమని డాక్టర్లు గట్టిగా చెబుతారు. ఈ క్యాన్సర్లలో చాలా వరకు నాళం చివర్లోనే మొదలవుతాయి కాబట్టి నాళాలు కూడా తీయాలి. తీశాక ముట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం ఉంటాయి. రొమ్ము క్యాన్సర్ రాని స్త్రీలకు కొంతకాలం హార్మోన్లు ఇచ్చే వీలుంది, అడగండి.

మీకు తెలుసా, ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఎలా ఉంటుంది?

దీని గురించి ఎవరూ వివరంగా చెప్పరు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. రెండు రొమ్ములు తీశాక ఛాతీ రెండు పక్కలా సన్నని గొట్టాలు పెడతారు. వాటి చివర బుడ్డీల్లోకి ఎర్రటి నీరు చేరుతుంది. రోజుకు రెండుసార్లు బుడ్డీ తీసి, కొలిచి, పుస్తకంలో రాసుకోవాలి. రోజుకు సుమారు 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గాక గొట్టాలు తీస్తారు, వారం రెండు వారాలు పట్టొచ్చు. చేయి పైకెత్తడానికి నొప్పి. నెల, నెలన్నర దాకా బరువులు ఎత్తకూడదు. మొయినాబాద్ వైపు పూలతోటల్లో తెల్లవారుజామునే గంపలు మోసే ఆడవాళ్లకు, చంటిబిడ్డను ఎత్తుకోవాల్సిన తల్లికి ఇది చిన్న ఇబ్బంది కాదు. ఎవరు వండుతారు, ఎవరు బిడ్డను చూస్తారు, కూలి ఎన్ని రోజులు పోతుంది అన్నది ముందే తేల్చుకోవాలి. ఆపరేషన్ తేదీకి ముందు ఇంటి మగవాళ్లు కూర్చుని మాట్లాడాల్సింది దీని గురించే.

ఛాతీ మీద చర్మం మొద్దుబారుతుంది. చాలామందికి స్పర్శ పూర్తిగా తిరిగి రాదు. పాలివ్వడం ఇక కుదరదు. భార్యాభర్తల మధ్య ఇది మాట్లాడుకోవాల్సిన సంగతి.

రొమ్ము ఆకారాన్ని తిరిగి నిర్మించవచ్చు. ఒక పద్ధతిలో సిలికాన్ ఇంప్లాంట్ పెడతారు. ఆపరేషన్ చిన్నది, కానీ ఏళ్లు గడిచాక మార్చాల్సి రావచ్చు. ఇంకో పద్ధతిలో పొట్ట మీద కొవ్వు, చర్మం తీసి, సూక్ష్మమైన రక్తనాళాలు కలిపి రొమ్ముగా మలుస్తారు. గంటల తరబడి పట్టే పెద్ద ఆపరేషన్, కానీ సొంత కణజాలం. చాలామందిలో చనుమొనను కూడా నిలపవచ్చు. ఏదీ వద్దు, చదునుగా ఉంచండి అనే స్త్రీలూ ఉన్నారు. ఆ కోరికను డాక్టరు గౌరవించాలి. తీసిన కణజాలాన్ని పాథాలజీకి పంపుతారు. అప్పుడప్పుడు అందులో ఎవరికీ కనిపించని చిన్న క్యాన్సర్ దొరుకుతుంది.

చేయించుకున్నవాళ్లలో ఎక్కువ మంది తర్వాత తృప్తిగానే ఉంటారు. కొందరు బాధపడతారు. డాక్టరు చెప్పాడనో, మొగుడు తొందర చేశాడనో కాకుండా తానుగా ఆలోచించి నిర్ణయించుకున్న స్త్రీకే తర్వాత మనసు నిలకడగా ఉంటుందని నా నమ్మకం.

మీకు తెలుసా, అమెరికాలో ఉన్న కూతురి రిపోర్టు ఊళ్లో ఉన్న మేనత్తకు అవసరం కావచ్చు?

చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసి, వచ్చాక 108 చేసిన పిల్లలు ఎంతమందో అమెరికాలో స్థిరపడ్డారు. అక్కడ జన్యు పరీక్ష ఇక్కడి కంటే మామూలు విషయం. ఒకరికి లోపం తేలితే అక్కచెల్లెళ్లలో ప్రతి ఒక్కరికీ అది ఉండే అవకాశం సగం. అక్కడి కూతురు "అమ్మ కంగారు పడుతుంది" అని దాచేస్తే, ఇక్కడున్న అక్కకు, మేనత్తకు ఆ సమాచారం అందదు. ఒక వాట్సాప్ మెసేజ్‌తో రిపోర్టు కాపీ పంపితే చాలు, ఇక్కడి ల్యాబ్‌కు ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

బీమా గురించి భయం సహజం. అమెరికాలో 2008 నాటి చట్టం ప్రకారం జన్యు పరీక్ష ఫలితాన్ని చూసి ఆరోగ్య బీమా నిరాకరించకూడదు, ఉద్యోగం తీసేయకూడదు. కానీ ఆ రక్షణ జీవిత బీమాకు వర్తించదు. మన దగ్గర 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఆరోగ్య బీమాలో 'జన్యు వ్యాధులన్నీ మినహాయింపు' అనే నిబంధన వివక్షేనని తేల్చింది. నివారణ ఆపరేషన్‌కు మీ పాలసీ డబ్బులిస్తుందా అన్నది మాత్రం ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఇక సంబంధాల మాట. "పిల్లకు రక్తంలో జబ్బుందట" అని పెళ్లి తప్పిపోతుందన్న భయంతోనే ఇళ్లలో ఈ కాగితాలు బీరువా అడుగుకు పోతున్నాయి. ఆ భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ దాచినందువల్ల జబ్బు ఆగదు. పెళ్లిచూపుల నాడే కాకపోయినా, నిశ్చయమయ్యాక అమ్మాయే తగిన సమయం చూసి కాబోయే భర్తకు చెప్పుకోవడం మంచిది. ఇంటి ఆడవాళ్ల వైద్య సంగతిని పెళ్లి బేరంలోకి లాగే వరుడి పక్షాన్ని వదులుకున్నా నష్టం లేదు.

మీకు తెలుసా, ఈ సలహా దొరికే చోట్లు మన నగరంలోనే ఉన్నాయి?

పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ జన్యు నిర్ధారణకు పేరున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉంది. క్యాన్సర్ వైద్యానికి రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో 2000లో మొదలైన బసవతారకం ఆసుపత్రి ఉన్నాయి. బసవతారకం అన్న పేరు క్యాన్సర్‌తో పోయిన ఎన్టీఆర్ భార్యది. తల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చాక ఇంగ్లండ్ వదిలి వచ్చిన డాక్టర్ పి.రఘురామ్ 2007లో ఆమె పేరిట ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ స్థాపించి ఊరూరా అవగాహన కల్పిస్తున్నారు. ఎక్కడికి వెళ్లినా ముందు జెనెటిక్ కౌన్సెలింగ్ అడగండి, తర్వాతే సర్జన్. బ్రాకా పరీక్షకు 18 ఏళ్లు నిండాలి. చిన్నపిల్లలకు చేయించవద్దు, ఆ నిర్ణయం పెద్దయ్యాక వాళ్లదే.

ఈసారి బతుకమ్మకు పుట్టింటికి వెళ్లినప్పుడు, నాయనమ్మను, అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం తీయండి. అటు మేనత్తలు, ఇటు పెద్దమ్మలు, పిన్నులు, బాబాయిలు, మేనమామలు, ఎవరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారో పేరు పేరునా రాసుకోండి. చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్, మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో జబ్బు వచ్చి బతికున్న మనిషి ఉంటే ఆమెను కూడా తీసుకెళ్లండి.